ఎస్టిమేట్‌లో లేని పొగ

"టేపు ఆడ గాదు సారూ, గీడ వట్టుండ్రి" అన్నది వంటామె. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గోడ పొడవు కొలుస్తున్నాడు. ఆమె చూపిస్తున్నది పొయ్యి గట్టును.

పాత పాలమూరు జిల్లాలో ఒక సర్కారు బడి అది. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. చూసిన రెండు మూడు వంటగదుల్ని కలిపి ఒక్క మధ్యాహ్నంగా రాస్తున్నాను. యథార్థ గాథలో ఈ కలపడమేమిటని అడగొచ్చు. మనుషుల్ని కలిపానే గానీ సర్కారు పద్దుల్ని కలపలేదు.

2022 మార్చి 8న వనపర్తిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 'మన ఊరు – మన బడి' పథకం మొదలుపెట్టారు. 26,065 బడులకు 7,289.54 కోట్లు. తొలి విడతలో 9,123 బడులు. పన్నెండు రకాల పనుల్లో వంటగది ఒకటి. హెచ్ఎం సారు లెక్కల మాస్టారు కూడా. కోట్లను బడులతో భాగిస్తే ఒక్కో బడికి సుమారు 28 లక్షలు తేలాయి. సగటుతో సున్నం కూడా కొనలేమని ఆయనకు తెలుసు. అయినా వంటగది ఎస్టిమేట్‌కు ఆ రోజు ఏఈ బండి గేటు దాటి లోపలికి రాగానే ఛాయ్‌కి మనిషిని పంపించాడు.

ఆయన ఆశకు కారణముంది. 2006లో కేంద్రం బడి వంటగదులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు గదికి 60,000 రూపాయలని ఒకటే లెక్క. పిల్లలు యాభై మంది ఉన్నా అయిదు వందల మంది ఉన్నా అంతే. ఈ గది ఆ లెక్కన కట్టిందే. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పైన రేకులు. 2009 చివర్లో పద్ధతి మారింది. వంద మంది పిల్లల దాకా 20 చదరపు మీటర్లు, ఆపైన ప్రతి వంద మందికి మరో 4. బడిలో 215 మంది ఉన్నారు. ఆ కొలతన 28 చదరపు మీటర్లు, అంటే మూడు వందల చదరపుటడుగులు ఉండాలి. ఉన్నది నూట ఇరవై.

పదేళ్లు దాటిన వంటగదుల మరమ్మతుకు 2019 నుంచి 10,000 రూపాయలు ఇవ్వొచ్చన్నారు. హెచ్ఎం సారు అప్పుడే పాత హాజరు పట్టీ వెనక ఒక అంచనా వేసుకున్నాడు. రేకులు, సిమెంటు, ట్రాక్టర్ ఇసుక రాసేసరికి పదివేలు దాటిపోయాయి. సుతారి కూలి ఇంకా రాయనే లేదు. కాగితం మడిచి టేబుల్ సొరుగులో పెట్టేశాడు.

ఏఈ గట్టు దగ్గరికి వచ్చాడు. అతని డ్రాయింగులో గట్టు ఎత్తు ఇళ్లలో కట్టినట్టే నడుము దాకా ఉంది.

"గింత ఎత్తు మీద గంజు వెడితే దించేదెట్ల సారూ?"

ఆమె అడిగిందాంట్లో లెక్క ఉంది. ప్రాథమిక పిల్లలకు తలా వంద గ్రాముల బియ్యం, పై తరగతుల వాళ్లకు నూట యాభై. ప్రాథమిక పిల్లలు 120 మంది, పై తరగతుల వాళ్లు 95 మంది. మొత్తం ఇరవై ఆరు కిలోల పైచిలుకు. ఉడికాక బరువు రెండింతలు దాటుతుంది. రెండు గంజుల్లో వండినా ఒక్కోటి ఇద్దరు ఆడవాళ్లు రెండు పక్కలా పట్టి దించాలి. పైగా గంజి వంచేటప్పుడు కాళ్ల మీద పడకుండా చూసుకోవాలి. అప్పటికి ఆ పనికి గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు.

"మోకాలెత్తు సాలు సారూ."

ఏఈ పెన్సిల్‌తో గట్టు కిందికి దించాడు. ఇటుక తగ్గింది, సిమెంటు తగ్గింది. ఎస్టిమేట్ వేసేటప్పుడు వంటామె మాట వింటే ఖర్చు పెరుగుతుందనుకునేవాళ్లు ఈ సంగతి చూడాలి.

ఇళ్లలోనూ ఇంతే, అసలు లెక్క చూడరు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా వంటగది మార్పించేటప్పుడు గ్రానైట్ రంగు కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు. పాత గట్టు పగలగొట్టే కూలి, ఆ చెత్తను ఎత్తిపోసే ట్రాక్టర్ కిరాయి రాసుకునేవాళ్లు తక్కువ. టైల్స్ గోడ కొలతకు సరిగ్గా తెస్తారు. కోతలో పోయేదానికి, పగిలేదానికి పదో వంతు ఎక్కువ తేకపోతే తర్వాత అదే రంగు మళ్లీ దొరకదు. పాత గోడ పగిలితే గానీ లోపలి పైపు సంగతి తెలియదు. అందుకే మొత్తంలో కనీసం పదో వంతు పక్కన పెట్టుకోవాలి. సర్కారు ఎస్టిమేట్‌లో ధరల పట్టిక ప్రకారం అన్నీ వేశాక కింద జీఎస్టీ, ఒక శాతం కార్మిక సెస్సు వస్తాయి. ఇంటివాళ్లు జీఎస్టీ గీతను బిల్లు వచ్చాకే చూస్తారు.

"ఇంకేమన్నా ఉందా అమ్మా?" అన్నాడు ఏఈ.

ఆమె పైకి చూసింది. రేకుల కింద దూలం నల్లగా నిగనిగలాడుతోంది.

"పొగ యాడికి వోవాలె సారూ? కండ్లు మండి ఉప్పు రెండుసార్లేస్తున్న."

ఏఈ కాగితాలు తిరగేశాడు. తవ్వకం, కాంక్రీటు, ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగ్, తలుపు, కిటికీ, రంగు అన్నీ ఉన్నాయి. పొగకు వరస లేదు. కాసేపు ఆలోచించి కిటికీని ఎదురు గోడ నుంచి తీసి పొయ్యి వెనక గోడలో పైకి గీశాడు. దాని ఎదురుగా రేకుల కింద జాలీ ఒకటి. గట్టులో మిగిలింది జాలీకి సరిపోయింది. హెచ్ఎం సారు ఆ మాట రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు.

"మరి నల్లా?"

"నల్లా ఇందులో రాదమ్మా. అది తాగునీళ్ల పద్దు. వేరే వాళ్లొస్తారు."

"గాళ్లు నల్లాను బడి ముంగట వెడ్తరు. మేం ఆడికెల్లి బిందెలు మోయాలె."

ఏఈ సంచి సర్దుకుంటూ, ఆ మాట వాళ్లతో చెప్పుకోవాలన్నాడు. వంటామె ఛాయ్ గ్లాసులు ఏరుతూ అడిగింది.

"అయితే గాళ్లెప్పుడొస్తరో జెప్పుండ్రి సారూ. గాళ్లకు గూడ ఛాయ్ వెడ్త."