కాకతీయ రాజ్యం: పుట్టుక, అధికార స్వరూపంపై సిద్ధాంతాలు

కాకతీయ రాజ్యం ఎలా ఏర్పడింది, అందులో అధికారం అసలు ఎవరి చేతిలో ఉండేది అన్న ప్రశ్నలపై చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. స్వతంత్ర రాజ్యంగా దాని కాలాన్ని సాధారణంగా 1163 నుంచి 1323 వరకు లెక్కిస్తారు. మొదటి తేదీ కొంత సందేహాస్పదం. రుద్రదేవుని హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనాన్ని స్వాతంత్ర్య ప్రకటన అనడం పరిపాటి అయినా, అందులో ప్రకటన లాంటిదేమీ లేదు. విజయాల వర్ణన ఉంది, చాళుక్య రాజును ప్రభువుగా చెప్పుకోవడం లేదు. మిగతాది ఊహ.

వంశ మూలానికి ముఖ్య ఆధారాలు రెండు. తూర్పు చాళుక్య దానార్ణవుని మాంగల్లు శాసనం (956) కాకర్త్య గుండ్యనను పేర్కొంటుంది. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం వంశక్రమాన్ని ఇస్తుంది. ఈ రెంటినీ జోడించి పి.వి. పరబ్రహ్మశాస్త్రి కాకతీయుల పూర్వులు రాష్ట్రకూటుల సేనానులని ప్రతిపాదించారు. పేర్లు చాలావరకు పొసగుతున్నందున ఈ వాదమే బలంగా నిలిచింది. గణపతిదేవుని మోటుపల్లి శాసనం వంశాన్ని సూర్యునికి ముడిపెడితే, మల్యాల గుండ దండనాథుని శాసనం చతుర్థ వర్ణం అంటుంది. సొంత సేనాని రాయించిన మాట కనుక రెండోదానికే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

అధికార స్వరూపాన్ని వివరించడానికి అరువు తెచ్చుకున్న నమూనాలు కొన్ని ఉన్నాయి. ఆర్.ఎస్. శర్మ (1965) భూదానాల వల్ల కేంద్రం చిక్కిపోయి సామంత వ్యవస్థ బలపడిందన్నారు. బర్టన్ స్టైన్ (1980) తూర్పు ఆఫ్రికా ఆలూరులపై ఐడన్ సౌతాల్ చేసిన అధ్యయనం నుంచి ఖండిత రాజ్య భావనను తీసుకుని, రాజుది ఆచారపరమైన ఆధిపత్యం, అసలు పెత్తనం స్థానిక నాడులది అన్నారు. అయితే ఆయన ప్రధాన సాక్ష్యం చోళులది, కావేరి డెల్టాది. తెలంగాణ మెట్టకు అది అతకదు. నీటి పనుల అదుపే నిరంకుశత్వానికి మూలమన్న విట్‌ఫోగెల్ (1957) వాదమూ ఇక్కడ నిలవదు. పాలంపేటలో రామప్ప గుడి కట్టించింది (1213) గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. పాఖాల చెరువు కట్టించింది జగదాల ముమ్మడి. చెరువులు వేయించిన ఘనత ఒక్క రాజుదే కాదని శాసనాలే చెబుతున్నాయి.

సింథియా టాల్బట్ (2001) శాసనాలను దాతల వారీగా, కాలం వారీగా పరిశీలించి మరో దారి చూపారు. ఆమె ప్రకారం ఈ రాజ్యాన్ని నిలబెట్టింది ఉద్యోగ యంత్రాంగమూ కాదు, ఆచారమూ కాదు, యోధుల మధ్య వ్యక్తిగత విధేయత. గణపతిదేవుని కాలంలో పాత సామంత వంశాలు ప్రముఖంగా కనిపిస్తే, రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలానికి వంశ ప్రతిష్ఠ లేని నాయకులు పెరిగారు. సైనిక సేవకు బదులుగా ఊళ్ల ఆదాయం అనుభవించే నాయంకరం అప్పుడే శాసనాలకెక్కింది.

నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం (1289) ఈ విధేయతా బంధాన్ని దగ్గరగా చూపుతుంది. శివలోకప్రాప్తి పొందిన రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవునికి భూమి ఇచ్చాడు. రాణిని, తన నాయకుణ్ణి ఒకే వాక్యంలో తలచుకున్నాడు. ఈ శాసనం బయటపడేదాకా రుద్రమ పాలన 1295 లేదా 1296 వరకు సాగిందని రాసేవారు. ఆమె ఎలా మరణించిందో శాసనం చెప్పదు. రుద్రమపై తిరగబడిన కాయస్థ అంబదేవుడు తన త్రిపురాంతకం శాసనంలో మల్లికార్జునుని సప్తాంగాలనూ హరించానని చెప్పుకొన్నాడు. అర్థశాస్త్రం లెక్కన రాజ్యపు సప్తాంగాల్లో మొదటిది స్వామి, అంటే రాజే. కనుక రుద్రమ ఆ పోరులోనే మరణించిందని పరబ్రహ్మశాస్త్రి ఊహించారు. ఊహ ఆకర్షణీయమే. ప్రశస్తుల్లో అతిశయోక్తి మామూలే కనుక, దాన్ని అక్షరాలా తీసుకోనక్కరలేదు. తిరగబడినవాడు మాత్రం కాకతీయుల కొలువులోనే ఎదిగిన సామంతుడు. ఈ బంధాలు ఎక్కడ బలహీనమో చూపే ఈ తిరుగుబాటే టాల్బట్ వాదానికి పరీక్ష.

నాయకులు ఎందరన్నదీ తేలలేదు. ప్రతాపరుద్ర చరిత్రము 77 మంది అంటుంది. అది పతనం తర్వాత రెండు శతాబ్దాలకు రాసిన గ్రంథం. రెడ్డి రాణి అనితల్లి కలువచేరు శాసనం (1423) కాకతీయుల పతనం తర్వాత అధికారానికి వచ్చిన కాపయ నాయకుణ్ణి కొలిచిన 75 మందిని చెబుతుంది. రెండో అంకె పతనానికి దగ్గరిదైనా, అది కాపయ కొలువు లెక్క, ప్రతాపరుద్రునిది కాదు.