బలరాం సైకిల్ అద్దె

ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా పుంగనూరులో మా మేనమామ నోటుపుస్తకం గుర్తొస్తుంది. పండగ టోర్నమెంట్లకు లెక్కలు రాసేది ఆయనే. ఒక పేజీలో జట్ల ఎంట్రీ ఫీజు, ఎదుటి పేజీలో దాతల పేర్లు. బహుమతి ఎప్పుడూ పదహార్లతోనే ముగిసేది: 516, 1,116. ఫీజు తేలేని జట్టు వస్తే ఆ గడిలో పెన్సిలుతో చుక్క పెట్టి ఊరుకునేవాడు. ఆ చుక్క ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. "ఆడేదానికి వచ్చినోళ్లను వాకిట్లో నిలబెడితే ఎట్లప్పా" అనేవాడు.

ఫుట్‌బాల్ మన దేశానికి తెల్లవాళ్ల పటాలాలతో వచ్చింది. డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో మొదలైంది. ఆ తర్వాత యాభై ఏళ్లు దాటేస్తే 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం పుట్టింది. నాలుగేళ్లకు దాని కార్యదర్శి బాధ్యత సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు చేతికొచ్చింది. అక్కడి నుంచే కథ వెలుగులోకి వస్తుంది. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కూడా తెచ్చుకుంది. ఆ ఆటగాళ్లకు ఫ్రాంచైజీ లేదు, వేలం లేదు. పోలీసు కొలువే జీతం.

బలరాంది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ, పేద ఇల్లు. పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో, రెండు రూపాయలిచ్చి, చెప్పులు కుట్టేవాడి దగ్గర తన మొదటి బూట్లు కుట్టించుకున్నాడు. ఆ కుర్రవాడి ఆట రహీం కంట పడింది. హైదరాబాద్ జట్టు సాధనకు రమ్మన్నాడు. రోజూ అంత దూరం రావడానికి తన దగ్గర డబ్బు లేదన్నాడు కుర్రవాడు. సైకిల్ అద్దెకు రోజుకో రూపాయి రహీమే తన జేబులోంచి ఇచ్చాడు. పొద్దున్నే అద్దె సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, ఆడి, మళ్లీ తొక్కుకుంటూ ఇంటికి. భారత ఫుట్‌బాల్ మీద పెట్టిన పెట్టుబడుల్లో ఇంతకన్నా గొప్పది నాకు కనబడదు. ఆ రూపాయి 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అక్కడ మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద బలరాం గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. మరుసటి ఏడాది జూన్ 11న రహీం క్యాన్సర్‌తో పోయాడు. అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బు బలరాంను ఆటకు దూరం చేసింది, ముప్పై నిండకుండానే. క్షయ రోగుల కోసం కట్టిన ఆరోగ్యవరం శానిటోరియం నీడన పెరిగిన మా మదనపల్లె వాళ్లకు అలాంటి జబ్బు మనిషిని ఎంత పిండేస్తుందో చెప్పనక్కర్లేదు.

ఇక ఇప్పటి లెక్కలకు వస్తే చిక్కుముడులే. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు తన వాణిజ్య హక్కులను ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ 8 జట్లతో మొదలైంది. క్లబ్బు ఏటా కట్టాల్సిన ఫ్రాంచైజీ ఫీజు కోట్లలో ఉండేది. 2021-22లో బహుమతుల మొత్తం 15.5 కోట్లు: కప్ విజేతకు 6, రన్నరప్‌కు 3, లీగ్ పట్టికలో అగ్రస్థానానికి 3.5, సెమీస్‌లో ఓడిన రెండింటికీ చెరో 1.5. ఆ 6 కోట్ల కప్పు మన హైదరాబాద్ ఎఫ్‌సీదే. 2022 మార్చి 20న గోవాలో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి నేను నిద్రపోలేదు. రెండేళ్లు తిరక్కుండానే జీతాలందక ఆటగాళ్లు చెదిరిపోయారు. 2025 అక్టోబరులో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది.

2022-23 నుంచి కింది అంచె ఐ-లీగ్‌లో గెలిస్తే ఫ్రాంచైజీ ఫీజు లేకుండానే పై లీగ్‌కు వెళ్లే వీలు వచ్చింది. హైదరాబాద్ క్లబ్బు శ్రీనిధి డెక్కన్ 2022-23లో, 2023-24లో రెండో స్థానంలో ఆగింది. రెండో స్థానానికి ఆ తలుపు తెరుచుకోలేదు. 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. అంతకు ముందు నెలలో గడువు ముగిసిన కొత్త టెండరుకు ఒక్కరూ రాలేదు. సమాఖ్య క్లబ్బుల ముందు పెట్టిన 20 ఏళ్ల ప్రతిపాదనలో ఏడాదికి ఒక్కో క్లబ్బు కోటి రూపాయల ఫీజు, ఆదాయంలో క్లబ్బులన్నిటికీ కలిపి సగం వాటా ఉన్నాయి. వెనకటి ఫీజు కన్నా ఇది నయమే. కానీ కోటి తేలేని ఊరి పేరు పక్కన చుక్క పెట్టే గడి అందులో నాకు కనబడలేదు.

పెద్ద లీగ్ ఆట కళ్లారా చూడాలంటే మా పుంగనూరు, మదనపల్లె, కుప్పం మూడు ఊళ్లకూ దగ్గర బెంగళూరు కంఠీరవ స్టేడియమే. కుప్పం పిల్లలు రైలెక్కి వెళ్తారు, టికెట్ డబ్బులు తలా కొంచెం వేసుకుని.