పుల్లకు గుచ్చిన శతాబ్దం

స్పెయిన్ ఉత్తర తీరాన, ఫ్రాన్స్ సరిహద్దుకు 20 కిలోమీటర్ల దూరంలో, బిస్కే అఖాతం ఒడ్డున ఉన్న ఊరు సాన్ సెబాస్టియన్. బాస్క్ ప్రజలు తమ భాషలో దాన్ని దొనోస్తియా అంటారు. జనాభా రెండు లక్షలు దాటని ఈ ఊరికి ప్రపంచం నలుమూలల నుంచి జనం తిండి కోసమే వస్తారు. వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది బార్లలో నిలబడి రెండు ముద్దల్లో తినేసే చిరుతిండి, పించో. ‘మంచి పించో ఎక్కడ దొరుకుతుంది?’ అని ఆ ఊరివాణ్ణి అడిగితే వెంటనే ఒక బారు పేరు చెప్పడు. ‘ఏం తినాలని ఉంది?’ అని ఎదురు అడుగుతాడు. పుట్టగొడుగులకు ఒక చోటు, నెత్తళ్లకు ఒక చోటు, గుడ్డట్టుకు ఇంకో చోటు. ఒక్కో కొట్టుకు ఒక్కో వంటకం అన్న ఈ ఏర్పాటు ఎవరో కూర్చుని రాసిపెట్టింది కాదు. తరం తరువాత తరం తన వంతుగా ఒక రుచిని ఆ కౌంటర్ల మీద వదిలి వెళ్లింది. ఆ వరుస తెలిస్తే ఎక్కడ తినాలన్న ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

కథ బూడిదతో మొదలవుతుంది. నెపోలియన్ సేనల అధీనంలో ఉన్న ఈ కోట పట్టణాన్ని 1813 ఆగస్టు 31న ఆంగ్ల, పోర్చుగీసు సేనలు గెలుచుకున్నాయి. విడిపించడానికి వచ్చిన సైనికులే ఊరిని దోచి తగలబెట్టారు. మిగిలినవి రెండు చర్చిలు, కొండ పాదాన ఒక వీధిలోని కొన్ని ఇళ్లు. బతికి బయటపడ్డ పెద్దలు ఊరికి దూరంగా సుబియేతా అనే పల్లెలో సమావేశమై, ఊరిని మళ్లీ అక్కడే కట్టాలని తీర్మానించారు. ఆనాడు మిగిలిన వీధిని ఇప్పుడు ‘ఆగస్టు 31 వీధి’ అని పిలుస్తారు. ఈ రోజు పించోల కోసం జనం కిక్కిరిసే ‘పార్తె వియేహా’, అంటే పాత పేట, ఆ బూడిద మీద తిరిగి లేచిన పేటే. తిన్నగా గీత గీసినట్టున్న ఇరుకు వీధులు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ప్రతి ఇంటి కింద ఒక కొట్టు. ఒక బారులోంచి పది అడుగులు వేస్తే ఇంకో బారులో ఉంటాం. పించో సంస్కృతికి నేల అలా సిద్ధమైంది.

తరువాతి మలుపు సముద్ర స్నానం. 1845లో రెండవ ఇసబెల్ రాణి వైద్యుల సలహా మీద ఇక్కడి సముద్రంలో స్నానాలకు వచ్చింది. రాణి వెనుక ఆస్థానం, ఆస్థానం వెనుక ధనిక కుటుంబాలు కదిలివచ్చాయి. 1863లో కోట గోడలు కూల్చడం మొదలైంది. మరుసటి ఏడు రైలు వచ్చింది. 1887 నుంచి రాజప్రతినిధి మరియా క్రిస్తినా వేసవులన్నీ ఇక్కడే గడిపింది. అదే ఏడు వెలసిన జూదశాల నేటి పురపాలక భవనం. 1912లో మరియా క్రిస్తినా హోటలు తెరిచారు. ఆ సంవత్సరమే నికొలాసా ప్రదేరా అనే వంటమనిషి తన భోజనశాల ప్రారంభించింది. 1933లో ఆమె పేరుతో వెలువడిన వంటల పుస్తకాన్ని బాస్క్ ఇళ్లలో తరతరాలు వాడుకున్నారు. దొరల వంటశాలల్లో పనిచేసిన ఆడవాళ్లు ఫ్రెంచి పద్ధతులు నేర్చారు, వాటిని తమ ఊరి కాడ్ చేపకు, తమ తోట కూరలకు అన్వయించారు. ఈ నగర వంట చరిత్ర రాసేవారు పెద్ద చెఫ్‌ల పేర్లతో పుటలు నింపుతారు. కానీ పునాదిరాళ్లలో సగానికి పైగా ఈ ఆడవాళ్లు పేర్చినవే అని నా నమ్మకం.

అదే కాలంలో మగవాళ్లు మరో చోట వంట నేర్చుకుంటున్నారు. 19వ శతాబ్దం నడుమ నుంచే చేతిపనివారు, జాలర్లు, చిన్న వర్తకులు కలిసి భోజన సంఘాలు పెట్టుకున్నారు. 1870 నాటి ‘ఉనియోన్ ఆర్తెసానా’ ఇప్పటికీ నడుస్తోంది. సభ్యులు తాళం తీసుకుని లోపలికి వెళ్లి, తామే వండుకుని, వాడిన నూనెకు, వైనుకు లెక్క తామే రాసి, డబ్బు పెట్టెలో వేసి వస్తారు. పైన అడిగేవాడు ఉండడు. చాలాకాలం ఆడవాళ్లను వంటగదిలోకి రానివ్వకపోవడం ఆ సంఘాలకు మచ్చే. ఆ నిషేధం మెల్లమెల్లగా సడలుతోంది. అయితే నమ్మకం మీద నడిచే ఆ లెక్క మాత్రం సంఘం గడప దాటి బారులోకి కూడా వచ్చింది. దొనోస్తియా బారులో ఎన్ని తిన్నావో నువ్వే చెబుతావు, వాళ్లు అంతకే డబ్బు తీసుకుంటారు.

1924లో స్పెయిన్ ప్రభుత్వం జూదాన్ని నిషేధించడంతో రాజవిలాసాల వెలుగు తగ్గింది. చూపు అరమనల మీది నుంచి వీధి కొట్ల మీదికి మళ్లవలసిన కాలం అది. కొత్త పేట సాన్ మార్సియాల్ వీధిలో ‘లా ఎస్పీగా’, ఉరుమేయా నదికి ఆవల గ్రోస్ పేటలో ‘బొదేగా దొనోస్తియార్రా’, రెండూ 1928లో వెలిశాయి, రెండూ నేటికీ నడుస్తున్నాయి. సాయంత్రం పని ముగించుకున్న స్నేహితుల జట్టు ఒక బారులో చిన్న గ్లాసుడు వైను తాగి, వెంటనే ఇంకో బారుకు నడిచేది. ఈ తిరుగుడుకు ‘చికితేయో’ అని పేరు. జట్టులో తలా కొంత వేసిన డబ్బు ఒకరి చేతిలో ఉంటుంది, అందరి బిల్లు ఆయనే కడతాడు. ఖాళీ కడుపుతో ఇన్ని బార్లు తిరిగేవారికి నంజుకోవడానికి ఏదైనా కావాలి. కౌంటరు మీద నాలుగు ఆలివ్ కాయలు, ఉప్పు నెత్తళ్లు, ఊరబెట్టిన మిరపకాయలు పెట్టడం అలా మొదలైంది.

ఈ చరిత్రలో ఒక్క క్షణాన్ని దగ్గరగా చూడమంటే నేను ‘కాసా వయ్యేస్’ వైపే చూస్తాను. నవార్రా నుంచి వచ్చిన అన్నదమ్ములు 1942లో తెరిచిన వైను కొట్టు అది. అంతర్యుద్ధం ముగిసి మూడేళ్లు, దేశమంతా తిండికి కటకట. అక్కడికి రోజూ వచ్చేవారిలో హోఆకిన్ అరంబూరు ఒకరు, స్నేహితులు పెట్టుకున్న పేరు ‘చెపెచా’. పళ్లెంలో విడివిడిగా పెట్టిన ఆలివ్ కాయ, నెత్తలి, మిరపకాయలను ఆయన ఒక రోజు ఒకే పుల్లకు గుచ్చి నోట్లో వేసుకున్నాడని ఊరంతా చెప్పుకుంటారు. రీటా హేవర్త్ నటించిన ‘గిల్డా’ చిత్రం 1946లో వచ్చింది. స్పెయిన్‌లో మతపెద్దలు ఆ సినిమాను తిట్టిపోశారు, జనం విరగబడి చూశారు. పచ్చగా, ఉప్పగా, కొంచెం కారంగా ఉన్న ఆ పుల్లకు సినిమా నాయిక పేరే స్థిరపడింది. తయారీలో నిప్పు అవసరం లేదు. గింజ తీసిన పచ్చ ఆలివ్ ముందు, దాని వెంట మడతలు పెట్టిన సన్నని లేత మిరపకాయలు, వాటిని చుట్టి నెత్తలి, చివర ఇంకో ఆలివ్, పైన ఆలివ్ నూనె. మిరపకాయ ఈ రాష్ట్రంలోనే ఉన్న ఇబార్రా గ్రామానిది. లేతాకుపచ్చ రంగు, మంట తక్కువ, వినెగర్‌లో ఊరబెడతారు. నెత్తలి కాంతాబ్రియా సముద్రానిది. దాన్ని ఉప్పులో మాగబెట్టే విద్యను ఆ తీరానికి తెచ్చినవారు 19వ శతాబ్దం చివర సిసిలీ నుంచి వచ్చిన వర్తకులు. మిరప అయితే అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చింది. మన గుంటూరు మిరప పూర్వీకులు కూడా ఆ ఖండం నుంచే బయలుదేరారు కనుక ఈ పుల్ల మనకు మరీ పరాయిది కాదు. పించోలన్నిటికీ మూలపురుషుడనదగిన ఈ తిండిని కనిపెట్టింది వంటవాడు కాదు, కొట్టుకు వచ్చిన ఒక మామూలు మనిషి. సాన్ సెబాస్టియన్‌లో ఎవరు తిరిగినా మొదటి మెట్టు కాసా వయ్యేస్‌లో గిల్డా కావాలని నేనంటే అందుకే.

ఫ్రాంకో నియంతృత్వ కాలంలో బాస్క్ భాష బహిరంగ జీవితం నుంచి వెలివేయబడింది. ఆ నియంత ఏటా వేసవికి ఈ ఊళ్లోనే, ఆయెతే భవనంలో విడిది చేసేవాడు. ఆ ఏళ్లన్నిటా బారు కౌంటర్లు మాత్రం నిండుతూనే వచ్చాయి. రొట్టె ముక్క మీద బంగాళదుంప సలాడు, ఉడికించిన గుడ్డు, రొయ్య, వేడి వేడి క్రొకేతాలు. అప్పట్లో వీటిని ఎక్కువగా ‘బందెరీయా’ అనేవారు. అది ఎద్దుల పోరులో వాడే రంగుల బల్లెం పేరు. గుచ్చు అనే అర్థమున్న స్పానిష్ మాట నుంచి వచ్చిన ‘పించో’ క్రమంగా దాని స్థానంలోకి వచ్చింది. 1979లో స్వపరిపాలన చట్టం వచ్చి బాస్క్ భాష బడుల్లోకి, వీధి పలకల మీదికి తిరిగి వచ్చాక ఈ మాటను బాస్క్ వర్ణక్రమంలో రాయడం వాడుకైంది. ఒక జాతి తన తిండి పేరును తన అక్షరాలతో రాసుకోగలగడం చిన్న సంగతి కాదు. ఆ సంతోషం తెలుగువారికి ఇంకొకరు చెప్పనక్కరలేదు.

ఫ్రాంకో మరణించిన మరుసటి ఏడు, 1976లో, మాద్రిద్‌లో ఒక వంట సదస్సు జరిగింది. అక్కడికి వచ్చిన ఫ్రెంచి వంటల దిగ్గజం పాల్ బొక్యూజ్ మాటలు హువాన్ మరి అర్సాక్, పెద్రో సుబిహానా అనే ఇద్దరు యువకులను కదిలించాయి. ఇద్దరూ లియాన్ వెళ్లి ఆయన వంటశాలలో కొన్నాళ్లు ఉండి వచ్చారు. తిరిగి వచ్చాక లూయిస్ ఇరీసార్ వంటి గురువులతో, తోటి వంటవారితో కలిసి ‘కొత్త బాస్క్ వంట’ ఉద్యమం నడిపారు. వంటకాలు తేలికబడ్డాయి, మరుగునపడిన పాత పాకాలు పైకి వచ్చాయి, ఏ కాలపు సరుకు ఆ కాలంలోనే వాడాలన్న పట్టుదల వచ్చింది. 1989లో అర్సాక్ భోజనశాలకు మూడు మిషెలిన్ నక్షత్రాలు దక్కాయి. ఆ గాలి బార్లలోకి వీచిన తీరే ఈ ఊరి ప్రత్యేకత. పెద్ద హోటల్లో కూర్చుని తినలేనివాడికి అదే నైపుణ్యం రెండు ముద్దల కొలతలో, కౌంటరు పక్కన, నాలుగు నాణేలకు అందింది. గ్రోస్‌లోని ‘బెర్గారా’ పుట్టగొడుగులు, రొయ్యలను చిన్న పడవలాంటి పిండి దొన్నెలో పెట్టి పైన కాల్చి ఇచ్చింది. 1984లో పాత పేటలో తెరిచిన ‘గన్బారా’ అడవి పుట్టగొడుగులను వేయించి నడుమ పచ్చి గుడ్డు సొన పెట్టింది. ఆ సొనను చెంచాతో చిదిపి వేడి పుట్టగొడుగులకు పట్టించి తినాలి. కౌంటరు మీద గుట్టగా పోసిన పుట్టగొడుగులను చూస్తే ఏ రుతువో తెలిసిపోతుంది.

ఒక్క వంటకానికి కట్టుబడడంలో పెస్కదేరియా వీధి తరువాతే ఏదైనా. అక్కడి ‘చెపెచా’ బారులో నెత్తళ్లే సర్వస్వం. వినెగర్‌లో ఊరిన నెత్తలి మీద పీత ముద్ద, సముద్రపు ముళ్లకాయ, ఉల్లి, మిరప, ఇలా ఎన్నో రకాలు. అదే వీధిలో ‘నెస్తోర్’. బంగాళదుంప, గుడ్లతో వేసే మందపాటి అట్టు రోజుకు రెండే వాయిలు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. ముందే వెళ్లి పేరు రాయించుకోవాలి. అట్టు వచ్చే వేళకు చిన్న కొట్టు నిండిపోతుంది. కత్తి దిగగానే లోపలి గుడ్డు ఇంకా పలచగా జారుతుంది. పేర్లు పిలిచి ముక్కలు చేతికిస్తారు, కొద్ది నిమిషాల్లో పళ్లెం ఖాళీ. ఇంకో అట్టు వేస్తే అమ్ముడుపోదా? తప్పక పోతుంది. వాళ్లు వేయరు.

ఈ కాలమంతా తీపిది కాదు. 1995 జనవరి 23న ఆగస్టు 31 వీధిలోని ‘లా సెపా’ బారులో భోజనం చేస్తున్న నగర ఉపమేయర్ గ్రెగోరియో ఓర్దోన్యేస్‌ను బాస్క్ వేర్పాటువాద సంస్థ ఈటా సాయుధులు కాల్చి చంపారు. ఊరంతా భుజాలు రాసుకుంటూ నిలబడే చోటే పొరుగువాడి రక్తం పడింది. ఆ ఏళ్లలో ఏ బారుకు ఎవరు వెళతారన్నది కూడా రాజకీయమే. 2011 అక్టోబరులో ఈటా సాయుధ చర్యలను శాశ్వతంగా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సరిగ్గా ఆ ఏడే నగరంలో బాస్క్ వంటల విశ్వవిద్యాలయ కేంద్రం తరగతులు మొదలుపెట్టింది. భయం తగ్గిన వీధుల్లోకి ప్రపంచం వచ్చింది. 2016లో ఈ నగరం ఐరోపా సాంస్కృతిక రాజధానిగా నిలిచింది.

ఆగస్టు 31 వీధిలోనే ‘లా వీన్యా’ ఉంది, 1959 నాటి కొట్టు. అక్కడ సాంతియాగో రివేరా 1990 ప్రాంతంలో జున్ను, మీగడ, గుడ్లు, చక్కెర, కొద్దిగా పిండి కలిపి, అడుగున బిస్కట్ పొర లేకుండా, బాగా వేడి పొయ్యిలో పైభాగం నల్లబడే దాకా కాల్చిన కేకు చేశాడు. కాగితంతో సహా అరల మీద వరుసగా పేర్చి ఉంచుతారు. పైన చేదు, లోపల వెన్నలాంటి మెత్తదనం. నేడు హైదరాబాద్ కేఫేల్లో ‘బాస్క్ చీజ్‌కేక్’ పేరుతో అమ్ముతున్నది దీని సంతానమే. వీధి చివర, సాన్ తెల్మో మ్యూజియం వెనుక సందులో ‘లా కుచారా దె సాన్ తెల్మో’ కౌంటరు మీద ఏమీ పేర్చి పెట్టదు. అడిగాక వండుతుంది. నిదానంగా ఉడికిన దూడ చెక్కిలి మాంసం అక్కడ తినవలసిందే. పుల్ల పోయింది, రొట్టె పోయింది, అయినా జనం దాన్ని పించో అనే అంటారు.

2020 మహమ్మారి కౌంటర్లను మూయించింది. తెరిచాక చాలాచోట్ల పించోలు గాజు పెట్టెల వెనక్కి వెళ్లాయి. పాత పేటలో పర్యాటకుల తాకిడి పెరిగి, ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన సరుకును వేడిచేసి పెట్టే కొట్లు కూడా వచ్చాయి. పొద్దున్న చేసినవే రాత్రి దాకా గుట్టలుగా ఉన్న కౌంటరును దాటుకుని వెళ్లడమే మేలు. ఊరివాళ్లు చాలామంది నది దాటి గ్రోస్‌కు నడుస్తున్నారు. గురువారం సాయంత్రాలు అక్కడ ఒక పానీయం, ఒక పించో కలిపి తక్కువ ధరకిస్తారు. బొదేగా దొనోస్తియార్రాలో సైక్లింగ్ వీరుడు ఇందురాయిన్ పేరు పెట్టిన పుల్ల దొరుకుతుంది. ట్యూనా, నెత్తలి, మిరప, ఆలివ్, ఉల్లి అన్నీ దానిమీదే. గెతారియా కొండల చకోలి వైనును సీసా పైకెత్తి ఎత్తు నుంచి గ్లాసులోకి పోస్తుంటే, విద్యార్థులు, తాతలు, బిడ్డలను ఎత్తుకున్న తల్లులు బయట వీధిలోనే నిలబడి తింటుంటారు. జట్టులో ఒకరు డబ్బు సంచీ తీసి లోపలికి వెళ్లి, ఎన్ని పుల్లలో లెక్క చెప్పి వస్తారు. మిగతావాళ్లు అప్పటికే తరువాతి బారు వైపు నడుస్తుంటారు.