ఆత్మరక్షణము - ఆయుధము - బాధ్యత

బామ్ని సమీపమున పారు వార్ధానది 1948 వరకు రెండు ప్రభుత్వములకు ఎల్లగా నుండెను. ఆవలి రాజురా తాలూకా నిజాము రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలోనిది. 1959లో చాందా జిల్లాలో చేరినది. కావున తెలంగాణమున నాడు రేగిన ఆయుధవివాదము ఈ ప్రాంతపు తెలుగువారికి దూరపు కథ గాదు.

దేశముఖుల, రజాకార్ల దౌర్జన్యములు మితిమీరగా, 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. వడిసెలలు, గుతపలు, నాటుతుపాకులతో గ్రామరక్షక దళము లేర్పడెను. బైరాన్‌పల్లి ప్రజలు బురుజు నాశ్రయించి దాడులను త్రిప్పికొట్టిరి. తుదకు 1948 ఆగస్టు 27న సైన్యసహాయముతో వచ్చిన రజాకార్లు అచట 80 మందికి పైగా చంపిరి. అట్టి ఆపదలో ఆయుధము పట్టిన గ్రామస్థులను తప్పుపట్టుట కష్టము.

1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిన పిమ్మట వివాదము తీవ్రమైనది. తుపాకి దించినచో పంచుకొన్న భూములను భూస్వాములు మరల లాగికొందురని ఒక పక్షము వాదించెను. రజాకార్ల పీడ తొలగినది, ఇక పోరు సాగించుట ప్రజలకు చేటని రావి నారాయణరెడ్డి వాదించెను. 1951 అక్టోబరు 21న పోరాటవిరమణ ప్రకటితమైనది. 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు ఆయనను నెహ్రూ కంటె నధికమైన ఓట్లతో లోక్‌సభకు పంపిరి.

భారతీయ న్యాయసంహితలోని 34 మొదలు 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తించుచునే, అవసరమునకు మించిన హానిని నిషేధించుచున్నవి. ఆపద భయము తొలగినతో హక్కును ముగియును. ఎప్పుడు పట్టవలెనో యెరిగినవాడు ఎప్పుడు దింపవలెనో కూడ యెరుగవలెను. ఆ నిర్ణయభారము ఆయుధధారిదే.