నరుటోకి మూడు ముగింపులు: 'ద లాస్ట్' సినిమా ఎందుకు కావాల్సి వచ్చింది?

మొదలుపెట్టే ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్ నిండా స్పాయిలర్లే. నరుటో ఇంకా సగంలో ఉన్నవాళ్ళు దీన్ని సేవ్ చేసి పెట్టుకుని, మొత్తం చూశాక రండి. నేనేం అనుకోను.

మొన్న ఊరెళ్ళినప్పుడు మా బాబాయి కొడుకు ఒక ప్రశ్న అడిగాడు. వాడు ఇంటర్ చదువుతున్నాడు. "అన్నా, నరుటో అసలు ఎప్పుడు అయిపోయింది?" అని. చాలా ఈజీ ప్రశ్న కదా. చెప్పబోయి ఆగిపోయా. ఎందుకంటే దానికి మూడు సమాధానాలున్నాయి.

మాంగా అయిపోయింది 2014 నవంబర్ 10న. టీవీ అనిమే అయిపోయింది 2017 మార్చి 23న. ఈ రెండింటి మధ్యలో, 2014 డిసెంబర్ 6న, జపాన్ థియేటర్లలో ఒక సినిమా వచ్చింది. దాని పేరే 'ద లాస్ట్: నరుటో ద మూవీ'. అంటే 'చివరిది' అని పేరు పెట్టుకున్న సినిమా నిజానికి మధ్యలో వచ్చిందన్నమాట. నన్నడిగితే, ఈ మూడింట్లో అసలైన ముగింపు ఆ సినిమాయే. ఎందుకో చెప్తాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. జపాన్‌లో షుయేషా అనే సంస్థ వేసే 'వీక్లీ షోనెన్ జంప్' గురించి మీకు తెలిసే ఉంటుంది. 1994 చివర్లో ఆ పత్రిక ఒక్క సంచికే 65 లక్షల కాపీలు దాటింది. ఆ తర్వాత 1995లో 'డ్రాగన్ బాల్' అయిపోయింది, 1996లో 'స్లామ్ డంక్' అయిపోయింది. సర్క్యులేషన్ పడిపోవడం మొదలైంది. పత్రికకి కొత్త హీరోలు కావాలి. 1997లో 'వన్ పీస్' వచ్చింది. 1999 సెప్టెంబర్ 21న నరుటో వచ్చాడు.

గీసింది మసాషి కిషిమోటో. ఒకయామా ప్రాంతంలో పుట్టాడు, చిన్నప్పట్నుంచీ 'డ్రాగన్ బాల్' పిచ్చి. నరుటో మొదలైనప్పుడు ఆయనకి పాతికేళ్ళు కూడా నిండలేదు. అయిపోయేసరికి నలభై. 15 ఏళ్ళు, 700 ఛాప్టర్లు, 72 సంపుటాలు. ప్రతి వారం డెడ్‌లైన్. నేను ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను, రెండు వారాలకోసారి వచ్చే స్ప్రింట్‌కే నా ప్రాణం పోయేది. ఈయన పదిహేనేళ్ళు వారం వారం డెలివరీ ఇచ్చాడు.

అలాంటి పరుగులో ఏం జరుగుతుందంటే, కొన్ని విషయాలు 'తర్వాత చూద్దాం' లిస్టులోకి వెళ్ళిపోతాయి. మన భాషలో బ్యాక్‌లాగ్. నరుటోలో అలా వెనక్కి జరుగుతూ వచ్చిన అతి పెద్ద విషయం ఒకటుంది. అది హినాటా.

కొంచెం గుర్తు చేసుకోండి. మొదటి నుంచీ నరుటో 'సాకురా, సాకురా' అంటూ తిరుగుతాడు. హినాటా చెట్టు వెనక నిలబడి చూస్తూ ఉంటుంది. చూనిన్ పరీక్షల్లో నెజీ చేతిలో దెబ్బలు తింటూ కూడా ఆ అమ్మాయి మళ్ళీ మళ్ళీ లేచిందంటే, నరుటో చూస్తున్నాడనే. తర్వాత 2009లో 437వ ఛాప్టర్ వచ్చింది. పెయిన్ ఊరంతా నేలమట్టం చేశాడు, నరుటోని నేలకి గుచ్చేశాడు. ఎవరూ ముందుకు రాలేని చోటికి హినాటా ఒక్కతే వచ్చింది. గెలవలేనని తెలిసే వచ్చింది. అక్కడే, చావు ముందు నిలబడి, నువ్వంటే ఇష్టమని చెప్పేసింది.

ఇప్పుడు చెప్పండి, నరుటో ఏం సమాధానం ఇచ్చాడు?

ఏమీ ఇవ్వలేదు. పెయిన్ గొడవ అయిపోయింది, కాగేల సమావేశం వచ్చింది, నాలుగో నింజా మహాయుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో నెజీ చనిపోయినప్పుడు ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడతారు. అంతే. అంత పెద్ద మాట చెప్పిన అమ్మాయికి ఐదేళ్ళకి పైగా సమాధానం లేదు. కథలో తప్పని నేననను. షోనెన్ మాంగాలో యుద్ధం ముందు, ప్రేమ వెనక. కానీ బాకీ బాకీయే కదా.

ఇక నవంబర్ 10 సంచికకి వద్దాం. ఆ ఒక్క సంచికలోనే 699, 700 రెండు ఛాప్టర్లూ వచ్చాయి. 699లో నరుటో, సాసుకే చెరొక చెయ్యీ పోగొట్టుకుని రక్తంలో పడుకుని, చివరికి రాజీ పడతారు. పేజీ తిప్పితే 700. ఏళ్ళు గడిచిపోయాయి. నరుటో హొకాగే అయిపోయాడు. బోరుటో అని కొడుకు, హిమావారి అని కూతురు. భార్య హినాటా!

మన తెలుగు సినిమాల్లో క్లైమాక్స్ ఫైట్ అవ్వగానే 'కొన్నేళ్ళ తర్వాత' అని కార్డు వేసి, పిల్లలతో ఫ్యామిలీ ఫోటో చూపించి 'శుభం' వేసేస్తారు చూడండి, అచ్చం అలాగే. ఆ మధ్యలో ఏం జరిగింది? వీడికి ఎప్పుడు తెలిసింది? ఎలా తెలిసింది? ఆ పేజీలు మాంగాలో లేవు.

ఆ పేజీలే 'ద లాస్ట్' సినిమా. సరిగ్గా 26 రోజుల తర్వాత థియేటర్లకి వచ్చింది. తీసింది స్టూడియో పియెరో, పంచింది టోహో, దర్శకుడు త్సునేఓ కొబయాషి, స్క్రీన్‌ప్లే మారుఓ క్యోజుకా. నరుటో సినిమాల్లో ఇది పదోది. మొదట్లో వచ్చిన సినిమాలు చాలావరకు సైడ్ స్టోరీలు, చూడకపోయినా నష్టం లేదు. దీని లెక్క వేరు. కథ కిషిమోటోది, క్యారెక్టర్ల డిజైన్ ఆయనది, మొత్తం పర్యవేక్షణా ఆయనదే. మాంగాలో మిగిలిపోయిన బాకీని రచయితే స్వయంగా తీర్చాడన్నమాట.

కథ యుద్ధం అయిన రెండేళ్ళకి మొదలవుతుంది. నరుటోకి 19. కుడిచేతికి తెల్లటి కట్టు, అంటే సాసుకేతో ఫైట్‌లో పోయిన చెయ్యి బదులు పెట్టిన కృత్రిమ చెయ్యి. ఊళ్ళో ఇప్పుడు వాడు పెద్ద హీరో, అమ్మాయిలు చుట్టూ మూగుతున్నారు. హినాటా మాత్రం ఎర్ర మఫ్లర్ అల్లుకుంటూ, ఎలా ఇవ్వాలో తెలియక తంటాలు పడుతోంది. ఇంతలో చంద్రుడు ముక్కలై భూమ్మీద పడటం మొదలవుతుంది. చంద్రుడి మీదుండే టోనేరి ఒట్సుట్సుకి హినాటా చెల్లెలు హనాబిని ఎత్తుకెళ్ళిపోతాడు. నరుటో, హినాటా, సాకురా, షికమారు, సాయ్ కలిసి బయల్దేరతారు.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర ముక్క. మనకి చందమామ అంటే గోరుముద్దలు, మేనమామ వరస. జపాన్‌లో చంద్రుడనగానే గుర్తొచ్చే పేరు కగుయా. 'టకెటోరి మోనోగటారి' అని వెయ్యేళ్ళు దాటిన కథ ఉంది. వెదురు కొట్టే ముసలాయనకి వెదురు బొంగులో ఒక చిట్టి పాప దొరుకుతుంది. పెరిగి అందాల రాశి అవుతుంది. చివరికి చంద్రలోకం వాళ్ళొచ్చి తీసుకెళ్ళిపోతారు. వాళ్ళు తెచ్చిన వస్త్రం ఒంటిమీద పడగానే, భూమ్మీద పెంచినవాళ్ళ మీదున్న మమకారం మొత్తం ఆమె మర్చిపోతుంది. నరుటో చివర్లో వచ్చే కగుయా ఒట్సుట్సుకి పేరు ఆ పాత కథలదే.

ఇది దృష్టిలో పెట్టుకుని సినిమా చూడండి. నాకైతే ఆ పాత కథని తిరగేసినట్టు అనిపించింది. అక్కడ చంద్రుడు అమ్మాయిని తీసుకెళ్ళిపోతాడు, మనుషులు ఏడుస్తూ ఉండిపోతారు. ఇక్కడ అబ్బాయి చంద్రుడి దాకా వెళ్ళి వెనక్కి తెచ్చుకుంటాడు. అక్కడ వస్త్రం వల్ల మర్చిపోవడం. ఇక్కడ దారిలో గెన్‌జుట్సు వల్ల గుర్తుకు రావడం.

ఆ గుర్తుకు రావడమే ఈ సినిమాకి గుండెకాయ. గుహలోని నీళ్ళ దారిలో వెళ్తుంటే మెరిసే బుడగలు తగులుతాయి. వాటిలో నరుటోకి హినాటా జ్ఞాపకాలు కనిపిస్తాయి. చిన్నప్పుడు మంచులో ఆ అమ్మాయిని పిల్లలు ఏడిపిస్తుంటే వీడు అడ్డం వెళ్ళి తన్నులు తిన్నాడు, ఎర్ర మఫ్లర్ చిరిగిపోయింది. ఇంకొకటి స్కూల్ సీన్. ఇరుకా మాస్టారు పిల్లల్ని అడుగుతాడు: రేపు ప్రపంచం అంతమైపోతుందంటే చివరి రోజు ఎవరితో గడుపుతారు? పేరు రాయండి అని. నరుటోకి అమ్మా నాన్నా లేరు, స్నేహితులూ లేరు. ఎవరి పేరు రాస్తాడు? కాగితాన్ని విమానం చేసి విసిరేశాడు. అదే క్లాసులో హినాటా తన కాగితం మీద ఒక పేరు రాసుకుంది. నరుటో అని.

700 ఛాప్టర్ల పాటు ఈ కుర్రాడి కోరిక ఒక్కటే, ఊరు నన్ను గుర్తించాలి అని. ఆ ఊరి కన్నా ముందే, వాడు ఏమీ కాని రోజుల్లోనే, ఒకరు గుర్తించారు. వాడే చూసుకోలేదు. ఈ మాట చెప్పకుండా నరుటో కథ పూర్తవదు. మాంగా అది చెప్పలేదు, సినిమా చెప్పింది. అందుకే దీన్ని అసలు ముగింపు అంటున్నా.

అలాగని లోపాలు లేవా? ఉన్నాయి. ఫ్యాన్స్‌లో 'సాకురా పార్టీ' వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. సాసుకే మీద పోటీ వల్లే నరుటో నా వెంట పడ్డాడని సినిమాలో సాకురాతోనే చెప్పించేస్తారు. పదిహేనేళ్ళ ఇష్టాన్ని ఒక్క డైలాగ్‌తో కొట్టేయడం నాకూ నచ్చలేదు. విలన్ టోనేరి కూడా పెయిన్ ముందు తేలిపోతాడు. హినాటా చెల్లెలి కోసం కావాలనే టోనేరితో వెళ్తుంది, అది గొప్ప నిర్ణయం. కానీ ఆ తర్వాత ఫైట్ ఎక్కువ భాగం నరుటో చేతికే వెళ్ళిపోతుంది.

టీవీ సంగతి ఇంకా తమాషా. సినిమా వచ్చేసరికి టీవీలో 'షిప్పుడెన్' ఇంకా యుద్ధం మధ్యలోనే ఉంది. నరుటో, సాసుకేల ఆఖరి ఫైట్ టీవీలో వచ్చింది 2016లో. అంటే జపాన్ జనం ముందు పెళ్ళి చూసి, తర్వాత యుద్ధం చూశారు. సినిమా కథని టీవీ మళ్ళీ చెప్పలేదు. 493వ ఎపిసోడ్ తర్వాత నేరుగా పెళ్ళి ఏర్పాట్లు మొదలైపోతాయి, అలా 500తో ముగుస్తుంది. అందుకే ఇప్పుడు చూసేవాళ్ళకి నా సలహా: 493 అవ్వగానే ఆపి, 'ద లాస్ట్' చూసి, తర్వాత 494కి వెళ్ళండి. లేకపోతే మా తమ్ముడిలాగే "ఇదేంటన్నా, పెళ్ళెప్పుడు కుదిరింది?" అంటారు.

ఇంతకీ 'లాస్ట్' నిజంగా లాస్టేనా? ఎనిమిది నెలలకే, 2015 ఆగస్టు 7న, 'బోరుటో' సినిమా వచ్చింది. 2016లో బోరుటో మాంగా, 2017లో అనిమే. టోనేరితో తెరమీదికొచ్చిన ఒట్సుట్సుకి వంశమే ఆ కొత్త కథకి పునాది అయింది. వ్యాపారం అలాగే ఉంటుంది. కానీ బోరుటో కథ వేరు, అది కొడుకుది. నరుటో అనే ఒంటరి పిల్లాడి కథ మాత్రం ఇక్కడే అయిపోయింది.

చివరగా నా సంగతి ఒకటి. ఈ సినిమా నేను మొదటిసారి చూసింది బీటెక్ ఫస్ట్ ఇయర్ హాస్టల్లో. ఎవడో పెన్ డ్రైవ్‌లో తెచ్చాడు, ఒక లాప్‌టాప్ ముందు తొమ్మిది మందిమి. మఫ్లర్ సీన్లు వచ్చినప్పుడల్లా "ఫార్వర్డ్ కొట్టరా" అని అరిచాం. మాకు ఫైట్లు కావాలి. ఆ బుడగల సీన్ మొత్తం లాగించేశాం. అంటే సినిమానే చూడలేదన్నమాట.

రెండోసారి చూసింది ఉద్యోగం మానేశాక. అప్పటికి వీడియోలు మొదలుపెట్టి ఏడు నెలలు. ఒక్కో వీడియోకి నలభై, యాభై వ్యూస్. అందరూ నన్ను ఎప్పుడు గుర్తిస్తారా అని రోజూ నంబర్లు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ రాత్రి ఇరుకా మాస్టారి ప్రశ్న వచ్చినప్పుడు ఫోన్ తీసి, నా మొదటి వీడియో కింద మొదటి లైక్ ఎవరిదా అని ఆలోచించా. మా అక్కది. నరుటో ఎవరో, అనిమే ఏంటో ఆవిడకి తెలియదు. ఆడియో సరిగ్గా లేని ఆ ఇరవై నిమిషాల వీడియో మొత్తం విని, "నీళ్ళు తాగుతూ మాట్లాడరా, గొంతు పోతోంది" అని మెసేజ్ పెట్టింది. ఏడు నెలలుగా దానికి నేను రిప్లై ఇవ్వలేదు. ఆ రాత్రి ఇచ్చాను.

2022లో సోనీ యాయ్ ఛానల్లో నరుటో తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాక, మా అక్క కూతురు కూడా చూస్తోంది. ఆ పిల్ల ఈ సినిమా దాకా వచ్చినప్పుడు పక్కన కూర్చుని చూస్తా. ఫార్వర్డ్ కొట్టనివ్వను.

ఇదీ ఇవాళ్టి ఎపిసోడ్. వచ్చే వారం జిరాయా గురించి. ఆ కప్ప మీద తిరిగే నింజా కథ 200 ఏళ్ళ కిందటి జపాన్ పుస్తకాల్లోనే ఉంది, అక్కడ్నుంచి మొదలుపెడదాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను, బై.