జహాజు మీద రిజ్క్

మా ఆపా కొడుకు రెండేళ్ల నుంచి సముద్రం మీదే ఉంటున్నాడు. పెద్ద క్రూజ్ షిప్పులో బేకరీ సెక్షన్. కరీబియన్ వైపు తిరుగుతుంటుంది వాళ్ల జహాజు. అక్కడ వాడు రాత్రి డ్యూటీ ఎక్కే ముందు ఫోన్ చేస్తే ఇక్కడ మేం ఫజర్ నమాజ్ అయి చాయ్ తాగుతుంటాం. ఒకరోజు వీడియో కాల్‌లో తన కార్ఖానా చూపించాడు. మనిషెత్తు ఉన్న స్టీలు ర్యాక్, అరల నిండా ట్రేలు, ట్రేల నిండా మెరిసే రోల్స్. మా అమ్మీ కళ్లద్దాలు సవరించుకుని చూసింది.

"మాషా అల్లా! ఇన్ని ఎవరు తింటరు బేటా?"

"తినేటివి తింటరు నానీ. మిగిలినయి పొద్దున మిషిన్ల ఏస్తం."

"మిషిన్లంటే?"

"నూరి సముద్రంల ఇడుస్తరు."

అమ్మీ చేతిలో పాపా ఉంది. చాయ్‌లో ముంచబోయి ఆగిపోయింది. ఇంక ఏం మాట్లాడలేదు. మా ఇళ్లల్లో రోటీ ముక్క కింద పడితే తీసి కళ్లకద్దుకుంటాం గదా. బయట దారిలో కనిపిస్తే, ఎవరి కాలూ పడకుండా గోడ మీద పెట్టి పోతాం. రిజ్క్‌కు బేఅదబీ జరగొద్దని. అట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్లగాడు రోజూ ట్రేలకు ట్రేలు మిషిన్లో వేస్తున్నాడు. అది వాడి నౌకరీ. ఆ పొద్దుటి నుంచి నాకు జహాజు రొట్టె తవారీఖ్ మీద మనసు పడింది. దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను.

మొదలు పెట్టాల్సింది అమ్మీ చేతిలోని పాపా నుంచే. పాపే అంటే ఏంటి? డబల్ రోటీని ముక్కలు కోసి మళ్లీ భట్టీలో పెట్టి తడి లేకుండా ఎండబెట్టింది. బిస్కెట్ అనే మాటకు అసలు అర్థం కూడా ఇదే. లాటిన్‌లో 'రెండుసార్లు కాల్చినది' అని. అరబీలో దీన్ని బుక్సుమాత్ అంటారు, తుర్కీలో పెక్సిమెత్. రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చాయి. ఉస్మానీ సల్తనత్ నౌకాదళానికీ, దమిష్క్ నుంచి మక్కాకు నడిచే హజ్ కాఫిలాలకూ మూటల కొద్దీ ఇదే వెళ్లేది. ఎడారికైనా సముద్రానికైనా ఒకటే రొట్టె. తేమ ఉంటేనే బూజు పడుతుంది. తేమ తీసేస్తే నెలల తరబడి నిలవ ఉంటుంది. పళ్లు మాత్రం గట్టివై ఉండాలి!

జహాజులో రొట్టె ప్రస్తావన ఎక్కడెక్కడ ఉందా అని వెతుకుతుంటే ఇబ్న్ జుబైర్ దొరికాడు. ఉందులుస్ వాడు, గర్నాతాలో కొలువు. 1183లో హజ్‌కు బయలుదేరాడు. తిరుగు ప్రయాణంలో 1184లో అక్కా రేవులో జెనోవా వాళ్ల జహాజు ఎక్కాడు. అందులో రెండు వేల పైచిలుకు ఈసాయీ యాత్రికులు, కొద్దిమంది ముసల్మానులు. గాలి ఎదురు తిరిగి వారాల్లో అయ్యే సఫర్ నెలలు పట్టింది. వెంట తెచ్చుకున్న తోషా అయిపోతున్నా, ఆ జహాజు ఒక షహర్ లాగా ఉండేదనీ, అందులో రొట్టె, నీళ్లు, దానిమ్మ, అక్రోట్, శనగలు, ఉల్లి, జున్ను అన్నీ అమ్మకానికి దొరికేవనీ ఆయన రాసుకున్నాడు. సలీబీ జంగుల కాలం అది. అటూ ఇటూ కత్తులు తిరుగుతున్నా జహాజులో రొట్టె అమ్మేవాడు అమ్మాడు, కొనేవాడు కొన్నాడు. చివరికి ఆ జహాజు సిసిలీ దగ్గర మెస్సీనా ఒడ్డున బద్దలైంది. పడవ కిరాయి ఇచ్చుకోలేని గరీబు ముసల్మానుల తరఫున సిసిలీ ఈసాయీ బాద్షా విలియం డబ్బు కట్టించాడని కూడా ఆయనే రాశాడు.

మన వైపు నుంచీ జహాజులు వెళ్లేవి. కుతుబ్‌షాహీల కాలంలో బందర్ నుంచి, అంటే మచిలీపట్నం నుంచి, ఎర్రసముద్రానికి హాజీలతో పాటు మక్కా గరీబులకు ఖైరాత్ బియ్యం కూడా వెళ్లేవి. అన్నం తినే దేశం గదా, బుక్సుమాత్ కంటే బియ్యం మీదే మనకు భరోసా.

ఇంగ్లీషు వాళ్లు మాత్రం ఈ ఎండు రొట్టె మీదే సముద్రాలు ఏలారు. 1677లో శామ్యూల్ పెపిస్ అనే అధికారి తమ నౌకాదళానికి రేషన్ ఖరారు చేశాడు. మనిషికి రోజుకు ఒక పౌండు గోధుమ బిస్కెట్, ఒక గ్యాలన్ బీరు. పౌండు అంటే సుమారు 450 గ్రాములు. వినడానికి బాగానే ఉంది, కానీ నెలలు గడిచేసరికి అందులో పురుగు చేరేది. తినే ముందు బల్లకేసి కొడితే పురుగులు రాలేవి. చీకట్లో తింటే అదీ కనిపించదు. 1830ల దాకా ఈ బిస్కెట్లు చేత్తోనే పిసికి చేసేవాళ్లు. తర్వాత గోస్‌పోర్ట్ దగ్గర థామస్ గ్రాంట్ అనే ఆయన ఆవిరి మిషిన్లు పెట్టించాడు.

ఇనుప జహాజులు, ఆవిరి ఇంజన్లు వచ్చాక కథ మారింది. ఒడ్డు మీద కాల్చి పట్టుకెళ్లడం పోయి, జహాజులోనే భట్టీ వెలిగింది. తాజా రొట్టె వచ్చింది. దాంతో పాటు ఎవరికి ఏ రొట్టె అనే లెక్క కూడా వచ్చింది. టైటానిక్ మెనూ కార్డులు చూడండి. మొదటి తరగతి నాష్తాలో వియన్నా రోల్స్, గ్రాహం రోల్స్, కిస్మిస్ వేసిన స్కోన్లు, మొక్కజొన్న రొట్టె, నార్బోన్ తేనె. మూడో తరగతికి పొద్దున తాజా రొట్టె, వెన్న. మధ్యాహ్నం కూడా తాజా రొట్టే, పక్కన క్యాబిన్ బిస్కెట్లు. రాత్రికి గంజి, అవే బిస్కెట్లు, జున్ను. నిజం చెప్పాలంటే ఐర్లండ్, స్వీడన్ పల్లెల నుంచి వలసపోతున్న ఆ గరీబులకు రోజూ తాజా గోధుమ రొట్టె దొరకడమే పెద్ద నేమత్. వెక్కిరించడానికి లేదు.

టైటానిక్ పెద్ద బేకర్ పేరు చార్లెస్ జోగిన్. మునిగే రాత్రి మన సినిమాల్లో బ్యాండు వాయించే వాళ్లనే చూపిస్తారు, నాకు జోగిన్ చేసిన పని పెద్దది అనిపిస్తుంది. లైఫ్ బోట్లు దించుతున్నారని తెలియగానే తన కింది 13 మంది చేతికి తలా 4 రొట్టెలు ఇచ్చి పైకి పంపాడు, బోట్లలో పెట్టమని. చుట్టూ ఖయామత్, ఈ మనిషికి గుర్తొచ్చింది రిజ్క్. తర్వాత విచారణలో ఈ మాట ఆయనే చెప్పాడు. చల్లటి నీళ్లలో పడీ బతికాడు. ఆ రాత్రి కాస్త శరాబు తాగాననీ ఒప్పుకున్నాడు, అది వేరే సంగతి. ఒక లైఫ్ బోట్‌లో ఉంచిన బిస్కెట్ ఒకటి ఎవరో దాచుకుంటే, 2015లో వేలంలో 15 వేల పౌండ్లు పలికింది. తినే కాలంలో దానికి పైసా విలువ లేదు.

ఇక్కడ ఒక చిన్న మాట. క్రూజ్ షిప్పు నాష్తాలో క్రువాసాన్ తప్పకుండా ఉంటుంది. ఆ నెలవంక ఆకారం గురించి ఒక కిస్సా బాగా తిరుగుతుంది. 1683లో ఉస్మానీ ఫౌజ్ వియన్నా ముట్టడిలో ఓడిపోతే, బేకర్లు తుర్కుల చాంద్‌ను కొరికి తినడానికి ఈ రొట్టె కనిపెట్టారట. మా దోస్త్ ఒకడు ఇది విని క్రువాసాన్ తినడం మానేశాడు. మియా, హాయిగా తిను. ఆ కాలం నాటి సుబూత్ ఒక్కటీ లేదు. వియన్నాలో కిప్ఫెర్ల్ అనే నెలవంక రొట్టె ఆ జంగ్‌కు కొన్ని వందల ఏళ్ల ముందు నుంచే ఉంది.

టైటానిక్‌లో కాదు గానీ, బొంబాయి, కలకత్తా రేవుల మీదుగా తిరిగే ఇంగ్లీషు జహాజుల్లో మనవాళ్లు వేలల్లో ఉండేవాళ్లు. లాస్కర్లు. లష్కర్ అనే ఫార్సీ మాటే అలా అయింది. వాళ్ల పెద్ద సెరాంగ్, అదీ ఫార్సీ సర్‌హంగ్. అతని కింద టిండల్. మన శ్రీకాకుళం మత్స్యకారులు పడవ పెద్దను తండేల్ అంటారే, అదే మాట. ఇంజన్ గదిలో బొగ్గు వేసేవాళ్లలో ఎక్కువమంది పంజాబీ, సిల్హెటీ ముసల్మానులు. గోవా కిరస్తానీలు పైన సెలూన్‌లో వడ్డించేవాళ్లు. పైన వెండి బుట్టల్లో రోల్స్ వెళ్తుంటే, కింద వీళ్లకు వేరే వంటగది, వేరే వంటవాడు. అతన్ని భండారీ అనేవాళ్లు. బియ్యం, దాల్, ఆటా, నెయ్యి రేషన్. జీతం గోరాల జీతంలో చిన్న వంతు. అయితే ఆ వేరే వంటగది కోసం మనవాళ్లే పట్టుబట్టేవాళ్లు కూడా. జబీహా మాంసం, పంది కొవ్వు తగలని గిన్నె, రోజాకు సెహ్రీ, ఇవన్నీ భండారీ చేతిలోనే భద్రం.

1940 సెప్టెంబర్ 17 రాత్రి సిటీ ఆఫ్ బెనారస్ అనే జహాజును జర్మన్ జలాంతర్గామి ముంచింది. బాంబుల నుంచి కాపాడదామని ఇంగ్లండ్ నుంచి కెనడాకు పంపుతున్న 90 మంది పిల్లలు అందులో ఉన్నారు. 77 మంది పోయారు. నౌకర్లలో ఎక్కువమంది లాస్కర్లు, వాళ్లలోనూ చాలామంది చలికి బిగుసుకుపోయారు. పన్నెండో నంబరు బోటు మాత్రం ఎవరి కంటా పడకుండా 8 రోజులు అట్లాంటిక్‌లో కొట్టుకుపోయింది. అందులో 46 మంది. ఆరుగురు గోరా పిల్లలు, వాళ్లను చూసుకునే ఒక టీచరమ్మ, ఒక పాదరీ, కొందరు అధికారులు. మిగిలిన వాళ్లంతా మన లాస్కర్లు. పూటకు ఒక బిస్కెట్, దాని మీద ఒక సార్డిన్ చేప, గొంతు తడవడానికి గుటకెడు నీళ్లు. అందరికీ అంతే, గోరా కాలా తేడా లేదు. నోరు ఎండిపోయి ఆ గట్టి బిస్కెట్ మింగుడు పడేది కాదట. చివరికి గస్తీ విమానం కంటపడి బతికి బయటపడ్డారు. ఆ పిల్లల పేర్లు, టీచరమ్మ పేరు ఇంగ్లీషు కితాబుల్లో వరుసగా దొరుకుతాయి. లాస్కర్ల పేర్లు ఒకటీ అరా.

మా దాదీ నేను పుట్టకముందు, 1970లలో, జహాజులోనే హజ్‌కు వెళ్లింది. నాంపల్లి నుంచి బొంబాయి రైలు, అక్కడ సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో మకాం, తర్వాత మొగల్ లైన్ వాళ్ల అక్బర్ జహాజు. జిద్దాకు వారం పైనే. తోషా కోసం నెల ముందు నుంచే ఇంట్లో హంగామా. ఖజూరీలు, సత్తు పిండి, మామిడి అచార్, ఒక రేకు డబ్బా నిండా పాపే. జహాజులో ఖానా పెట్టేవాళ్లు, కానీ మొదటి మూడు రోజులు దాదీకి కళ్లు తిరిగి వాంతులు. చాయ్, పాపా తప్ప ఏదీ ఇమడలేదు. పక్కన బీహార్ ఆవిడకూ అదే హాల్. డబ్బా ఇద్దరిదీ అయింది. అడుగున మిగిలిన పొడి కూడా పారేయలేదు, తిరుగు ప్రయాణంలో చక్కెర కలుపుకుని తిన్నామని చెప్పేది. ఆ డబ్బా మా ఇంట్లో చాలా ఏళ్లు బియ్యం కొలతకు వాడుకున్నాం. 1995 తర్వాత హజ్ జహాజులు ఆగిపోయాయి. ఇప్పుడు అంతా విమానమే.

సరే, మా పిల్లగాడి దగ్గరికి వస్తాను. క్రూజ్ షిప్పులో అన్నీ కరెంటు భట్టీలే. సముద్రపు నీళ్ల ఉప్పు తీసి ఆ నీళ్లతోనే పిండి కలుపుతారు. రాత్రంతా కాల్చి పొద్దున ఆరుకల్లా వేడిగా పైకి పంపాలి. మొదట్లో వాడు రోల్స్ తినేవాడు కాదు. పిండి మెత్తబడటానికి వేసే ఈ 920 అనే సరుకు కొన్నిచోట్ల బాతు ఈకల నుంచి, పంది వెంట్రుకల నుంచి కూడా తీస్తారు. అందుకని ప్రతి బస్తా మీద లేబుల్ చదివి, చీఫ్‌ను అడిగి, తసల్లీ అయ్యాకే తిన్నాడు. దానికి రెండు నెలలు పట్టింది.

పారేయడం సంగతీ అడిగాను. టేబుల్ మీదకు వెళ్లిన బుట్ట ముట్టుకోకపోయినా తిరిగి వేరే టేబుల్‌కు పోకూడదు, రోగాల భయం. రేవులో దింపి గరీబులకు ఇద్దామంటే, పశువులకు జబ్బులు వస్తాయని చాలా దేశాలు జహాజు ఆహార వ్యర్థాన్ని ఒడ్డుకు రానివ్వవు. మార్పోల్ అని ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని ప్రకారం 25 మిల్లీమీటర్ల జల్లెడలో పడేంత సన్నగా నూరితే తీరానికి 3 నాటికల్ మైళ్ల అవతల సముద్రంలో వదలొచ్చు. కరీబియన్ లాంటి ప్రత్యేక ప్రాంతాల్లో నూరినా 12 మైళ్లు దాటాలి. ఖానూన్ అంతా పక్కాగా ఉంది. తప్పు ఎవరిదని చూపించడానికి ఒక వేలు కూడా దొరకదు. కానీ బుట్ట నిండుగా కనిపించకపోతే ముసాఫిర్లకు నచ్చదని అవసరానికి మించి కాల్చడం ఏ ఖానూన్ చెప్పింది? దీనికి వాడు జవాబు చెప్పలేదు. చెప్పాల్సింది వాడు కాదు కూడా.

అమ్మీ మాత్రం ఊరుకోలేదు. తర్వాతి కాల్‌లో, "అసలు పైకి పోనియే మిగులుతయి గదా, వాటితోనన్నా పాపే చేయరాదు?" అంది. వాడు నవ్వాడు. నాలుగు రోజులకు ఒక ఫోటో వచ్చింది. చీఫ్ ఇజాజత్ ఇచ్చాడట. బేకరీలోనే మిగిలిన రోల్స్ కోసి, భట్టీ చల్లారే వేడిలో ఎండబెట్టి, స్టాఫ్ మెస్‌లో చాయ్ దగ్గర పెట్టాడు. ఫిలిప్పీన్స్ వాళ్లు, ఇండోనేషియా వాళ్లు అరగంటలో ట్రే ఖాళీ చేశారంట.

అమ్మీ ఫోటో దగ్గరికి పెట్టుకుని చూసి, ఇంకా కొంచెం ఎర్రగా కాలాల్సింది అని చెప్పమంది.