పరుగు లేని ఆట

ఫ్రాన్సు దక్షిణ తీరాన లా సియోటా అనే పట్టణమున్నది. గత శతాబ్దారంభంలో జూల్ లెన్వార్ అనే ఆటగాడు కీళ్లవాతం వలన పరుగెత్తి బంతి విసరలేకపోయాడని, మిత్రులు అతనిని విడువక ఆట నియమాన్నే మార్చారని అక్కడివారు చెబుతారు. పాదాలు కదలక నిలిచి విసిరే ఆ ఆటయే పెటాంక్. దాని తొలి పోటీ 1910లో జరిగింది.

వైద్యునికి ఈ కథతో ఏమి పని అని మీరు అడగవచ్చు. 2020 మార్చి 17న ఫ్రాన్సులో లాక్‌డౌన్ మొదలై క్రీడాస్థలాలు మూతబడ్డాయి. ఈ ఆట వృద్ధులకు ప్రీతిపాత్రం. కోవిడ్ వలన ప్రాణాపాయం వారికే అధికం. ఇంట ఒంటరిగా కూర్చుంటే కండబలం, మనోబలం త్వరగా క్షీణించేదీ వారికే. మే 11న ఆంక్షలు సడలినను, బహిరంగ స్థలాలలో పదిమందికి మించి గుమికూడరాదన్న నియమం నిలిచింది. క్రమంగా ఆట తిరిగి మొదలైంది. ఎవరి బంతులు వారే ముట్టుకోవడం, ఎడం పాటించడం అందులో భాగమైనాయి. వంగలేనివారు దారానికి కట్టిన అయస్కాంతంతో ఉక్కు బంతిని పైకి తీసుకునే అలవాటు ముందునుండే ఉన్నది.

మూసిన గదిలో వైరస్ కణాలు గాలిలో నిలిచిపోతాయి. ఆరుబయట త్వరగా చెదిరిపోతాయి. కనుక అంటువ్యాధి కాలంలో మీ ఇంటి పెద్దలను కేవలం గదికి పరిమితం చేయకండి. జనసమ్మర్దం లేని వేళ చూచి, తగిన ఎడంతో, వారిని ఆరుబయటికి తీసుకువెళ్లండి.